జేజి మాటలో బగ్ లేదు

ముందు ఒక చిన్న పజిల్. ఇది ఎవరూ మాట్లాడని భాష, నేనే కల్పించినాను. అందులో 'సొతె' అంటే చెట్టు, 'సొతెపె' అంటే చెట్లు. 'నిరు' అంటే చేప, 'నిరుపు' అంటే చేపలు. 'లకి' అంటే రాయి. మరి రాళ్లు?

'లకిపి' అని ఈపాటికి చెప్పేసుంటారు. చివర చేరే 'ప' తన ముందున్న అచ్చును కాపీ కొడుతుంది, అంతే. దీన్ని వవెల్ హార్మనీ అంటారు. టర్కిష్ భాష దీనికి బాగా ఫేమస్. నాకు ఇలాంటి పజిల్స్ అంటే పిచ్చి. స్కూలు పిల్లలకు వీటి మీద అంతర్జాతీయ భాషాశాస్త్ర ఒలింపియాడ్ కూడా ఉంది. 2003లో బల్గేరియాలో మొదలైంది, 2016లో మన పక్కన మైసూరులోనే జరిగింది. అక్కడ ఎక్కువగా ఇచ్చేది కల్పిత భాషలు కాదు, ఎక్కడో నిజంగా మనుషులు మాట్లాడుకునే భాషలు. నేననేది ఏందంటే, మనం అంత దూరం కూడా పోనక్కర్లేదు.

కర్నూలు బస్టాండులో కాసేపు నిలబడి వినండి. ఆదోనికి, రాయచోటికి అంటారు. కడపకు, నంద్యాలకు అంటారు. ఊరి పేరు చివర 'ఇ' ఉంటే 'కి', లేకపోతే 'కు'. చిన్నయసూరి 19వ శతాబ్దంలోనే బాలవ్యాకరణంలో దీన్ని సూత్రంగా రాసిపెట్టినాడు. బస్సు కోసం నిలబడినవాళ్లలో ఆ పుస్తకం చదివినవాళ్లు ఎంతమంది ఉంటారు? అయినా సూత్రం తప్పరు.

ఇది ఈజీ లెవెల్. హార్డ్ లెవెల్‌లో నేనే బోల్తా పడినాను.

పోయిన సెలవుల్లో ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం రాద్దామని కూర్చున్నా. క్రియ ఇస్తే దాని రూపాలు రావాలి. డేటా ఇది: అడుగుతాడు, అడగాలి, అడిగి. తిరుగుతాడు, తిరగాలి, తిరిగి. కలుపుతాడు, కలపాలి, కలిపి. మొదటి అక్షరం కదలదు. మధ్య అక్షరం మాత్రం తన తర్వాత వచ్చే అచ్చును చూసుకుని మారుతుంది. 'గు' ముందు 'డు', 'గా' ముందు 'డ', 'గి' ముందు 'డి'. ఎంత నీట్‌గా ఉంది! పది లైన్లలో ఫంక్షన్ అయిపోయింది.

తర్వాత భూతకాలం రన్ చేసినా. 'అడగాడు' అని ప్రింటయ్యింది.

కంప్యూటర్ తప్పేం లేదు. 'అడగాలి'లో 'గా' ముందు 'డ' ఉంటే, 'అడిగాడు'లో అదే 'గా' ముందు 'డి' ఎందుకుంది? తిరిగాడు, కలిపాడు కూడా అంతే. గంట సేపు తల గీక్కుని, చివరికి భూతకాలానికి ఒక ఇఫ్-ఎల్స్ పెట్టి వదిలేసినా.

ఆ రాత్రి జేజి ఫోన్ చేసింది. మాది కర్నూలు, జేజిది జమ్మలమడుగు దగ్గర పల్లె. వైవా ఎట్ల రాసినావని అడిగింది. వైవా అంటే రాసేది కాదు జేజీ, సారు ప్రశ్నలు అడుగుతాడని చెప్పినా.

"అట్లనా? మరి ఏమడిగినాడు అబ్బీ మీ సారు?"

అడిగినాడు. అందులో 'గి' ఉంది! అందుకే ముందు 'డి' ఉంది. తిరిగినాడు, కలిపినాడు. అన్నీ రూల్ ప్రకారమే. 'అడిగినాడు' కాలక్రమంలో కుదించుకుపోయి 'అడిగాడు' అయింది. 'గి' పోయింది, దాని వల్ల వచ్చిన 'డి' మాత్రం మిగిలిపోయింది. తెలంగాణ వాళ్లు 'అడిగిండు' అంటారు. అక్కడా 'గి' పదిలంగానే ఉంది. నేను ఎక్సెప్షన్ అనుకుని ఇఫ్-ఎల్స్ పెట్టిన చోట, మా జేజికి అసలు ఎక్సెప్షనే లేదు.

సంతోషం కంటే సిగ్గు ఎక్కువయ్యింది. ఎందుకంటే ఆరో తరగతిలో నా పేపర్‌లో 'వచ్చినాడు' కింద ఎర్ర ఇంకుతో గీత పడింది. హాస్టల్లో 'యాడికి' అంటే నవ్వినారు. రెండేళ్లలో నేను మొత్తం మార్చుకున్నా. అంతటితో ఊరుకోకుండా, ఊరికి పోయినప్పుడు జేజిని కూడా దిద్దినా. "అడిగినాడు కాదు జేజీ, అడిగాడు." ఆమె "ఏదైతే ఏముందిలే అబ్బీ, అన్నం తిను" అనింది. ఆ తర్వాత కొన్నాళ్లు నా ముందు కొంచెం ఆగి ఆగి మాట్లాడేది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

మీరు అనొచ్చు: పరీక్షలకు, ఇంటర్వ్యూలకు, పేపర్లకు అందరికీ కలిపి ఒక భాష ఉండాలి కదా అని. ఉండాలి, ఒప్పుకుంటా. నేనూ ఈ వ్యాసం చాలావరకు అందులోనే రాస్తున్నా. కానీ "ఇక్కడ ఇది వాడు" అనడం వేరు, "నీది తప్పు" అనడం వేరు. కోడ్‌లో రెండు వెర్షన్లుంటే పాతదాన్ని బగ్ అని ఎవరం అనం. పైగా కొత్తది ఎందుకు అట్లుందో తెలియాలంటే పాతదాన్నే తెరిచి చూస్తాం.

ఇంకో సంగతి. రేపు తెలుగు నేర్చుకునే మోడల్స్‌కు మనం రాసిందే డేటా. మనం 'అడిగినాడు' అని ఎక్కడా టైప్ చెయ్యకపోతే, వాటికి కూడా అది స్పెల్లింగ్ మిస్టేక్ లాగే కనిపిస్తుంది.

అందుకే మన క్లబ్బుకు ఒక రిక్వెస్ట్. వచ్చే ఫెస్ట్ పజిల్ రౌండుకు కల్పిత భాషలు వద్దు. ప్రతి ఒక్కరూ ఇంటికి ఫోన్ చేసి, అవ్వతోనో జేజితోనో నాయనమ్మతోనో మాట్లాడి పది మాటలు రాసుకురండి. ఎవరి ఊరి మాట వాళ్లది. దిద్దకుండా రాసుకురండి. అందులో రూల్ కనిపెట్టడమే పోటీ.

నా ప్రోగ్రాంలో ఆ ఇఫ్-ఎల్స్ తీసేసినా. ఇప్పుడది ముందు 'అడిగినాడు' తయారు చేస్తుంది, దాన్నుంచి 'అడిగాడు' తీస్తుంది. జేజికి చెప్తే, "అయితే నీ కంప్యూటరు మన పక్కదేనా?" అనింది.