షవర్ ట్రే అంచున నల్లని గీత

మా ఇంటి స్నానాల గదిలో షవర్ ట్రే గోడను తాకే చోట ఒక నల్లని గీత ఉండేది. ఏడాది పాటు దానిని మేము మురికిగానే భావించాము. బ్రష్‌తో రుద్దితే పోయేది. పది రోజులు తిరగకముందే మళ్ళీ కనిపించేది. అది వట్టి మురికి కాదని మాకు తెలియజేసినది కింది అంతస్తులో నివసించే సోదరి. ఆమె వంటగది పైకప్పు మీద తడి మచ్చ ఒకటి నానాటికీ పెరుగుతున్నది. “ఆపా, మీ నీళ్ళు మా ఇంట్లోకి దిగుతున్నట్లున్నాయి, ఒకసారి చూస్తారా?” అని ఆమె ఎంతో మొహమాటంగా అడిగారు. పొరుగువారి హక్కులను గురించి ఎన్నో ప్రసంగాలు విన్నవాళ్ళం. ఆ మాటకు తలదించుకోవలసి వచ్చింది.

గల్ఫ్ దేశాలలో కొన్నాళ్ళు కాపురమున్న కుటుంబాలు స్వదేశంలో ఇల్లు అమర్చుకొనేటప్పుడు అక్కడ చూసిన షవర్ ట్రేను ఇక్కడ కూడా పెట్టించుకోవడం కద్దు. మాదీ అదే కథ. అయితే మా ఇంటికి వచ్చిన మేస్త్రీకి టైల్స్ పని తెలిసినంతగా ఈ ట్రే సంగతి తెలియదు. ఏ సందుకైనా తెల్ల సిమెంటే మందు అని ఆయన నమ్మకం. మూడుసార్లు పూశారు, మూడుసార్లూ పగిలింది. ప్రతిసారీ కూలి ఇచ్చి పంపించాము.

సిమెంటు ఎందుకు నిలువలేదో తరువాత అర్థమైంది. ఆక్రిలిక్ ట్రే గోడవలె స్థిరంగా ఉండదు. మనిషి ఎక్కితే కొద్దిగా కుంగుతుంది, దిగితే లేస్తుంది, వేడినీటికి వ్యాకోచిస్తుంది. సిమెంటు సాగదు, వంగదు, కనుక పగులుతుంది. వెంట్రుకవాసి పగులు చాలు, నీరు లోపలికి దిగడానికి. అక్కడ గాలి ఆడదు కనుక ఆ తడి ఆరదు. సబ్బు జిడ్డు, శరీరం నుండి రాలే మలినమే బూజుకు ఆహారం. దాని బీజాలు గాలిలో ఎల్లప్పుడూ ఉంటాయి, వాటిని నిర్మూలించడం మన చేతిలో లేదు. తడిని తగ్గించడం మాత్రం ఉన్నది. పైగా మా ఇంట్లో వుజూ కూడా అక్కడే. ఫజ్ర్ నుండి ఇషా వరకు అయిదు పూటలా ఆ అంచు తడుస్తూనే ఉండేది. ఒక తడి ఆరకముందే మరొకటి పడేది. ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దవారో, పిల్లలో ఉంటే ఈ బూజును కేవలం అందానికి సంబంధించిన విషయంగా చూడకూడదు. అది వారి ఆయాసాన్ని పెంచగలదు.

ఈసారి మేము తొందరపడలేదు. నీరు కారుతున్నది అంచు నుండా, లేక ట్రే కింది గొట్టం నుండా అన్నది ముందు తేలాలి. కింది ఇంటి పైకప్పు మీద మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీశాము. మొదటి రోజు షవర్ వాడకుండా, అంచు తడవకుండా, రెండు బకెట్ల నీటిని నేరుగా ట్రే రంధ్రంలోకే పోశాము. మచ్చ గీత దాటలేదు. మరునాడు చెంబుతో అంచు పొడవునా పావుగంట సేపు నీరు పోశాము. సాయంత్రానికి మచ్చ గీత దాటింది. దోషం అంచుదేనని తేలింది. ఈ పరీక్ష చేయకుండా సీలెంట్ పూస్తే, లోపం గొట్టంలో ఉన్నప్పుడు డబ్బూ శ్రమా వృథా అవుతాయి.

తరువాతి పని పాతదానిని పూర్తిగా తీసివేయడం. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అంటుకోదు. బూజు మీద పూస్తే బూజు లోపలే పెరిగి మళ్ళీ బయటపడుతుంది. పదునైన బ్లేడుతో, ట్రే మీద గీతలు పడకుండా, చివరి ముక్క వరకు గీకి తీయాలి. మిగిలిన నల్లదనానికి పలుచని బ్లీచింగ్ ద్రావణం పూసి, కొంతసేపు ఉంచి కడిగివేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో టైల్స్ మీద పేరుకొనే తెల్లని పొర బోరు నీటిలోని ఉప్పు. అది బూజు కాదు. దానికి యాసిడ్ వాడుతుంటారు. బ్లీచింగ్ పూసిన చోట యాసిడ్ పోసినా, చివరకు సిర్కా పోసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాల మీదికి తేగలదు. రెండింటినీ ఒకే రోజున ఆ గదిలోకి తీసుకొని వెళ్ళకపోవడమే మేలు.

కడిగిన తరువాత ఫ్యాను పెట్టి రెండు రోజులు ఆరనిచ్చాము. వర్షాకాలమైతే ఇంకొక రోజు ఆగవచ్చు. ఆ రెండు రోజులూ ఇంటిల్లిపాదికీ పెరటి కుళాయే గతి అయింది. పిల్లలు దానిని పండుగ చేసుకొన్నారు.

దుకాణంలో సీలెంట్ అడిగేటప్పుడు బూజును నిరోధించే శానిటరీ సిలికాన్ కావాలని స్పష్టంగా చెప్పాలి, గొట్టం మీది గడువు తేదీ చూసుకోవాలి. గడువు దాటినది సరిగా గట్టిపడదు. సిర్కా వాసన వచ్చే రకం పాలరాతిని పాడుచేస్తుంది. గోడకు పాలరాయి ఉన్నవారు న్యూట్రల్ రకం అడగాలి.

పూసే ముందు ఇరవై లీటర్ల బకెట్లు నాలుగు నింపి ట్రేలో పెట్టాము. అంటే ఎనభై కిలోల బరువు. ట్రే కుంగి, సందు పూర్తిగా తెరుచుకొన్నప్పుడు నింపితే, తరువాత మనిషి ఎక్కినప్పుడు సిలికాన్ లాగబడి ఊడదు. సందుకు ఇరువైపులా కాగితపు టేపు అతికించి, ఎక్కడా ఆపకుండా ఒకే ధారగా నింపి, సబ్బునీటిలో ముంచిన వేలితో ఒకసారి నునుపు చేసి, పైపొర బిగుసుకొనక ముందే టేపు లాగివేశాము. బకెట్లను ఒక రోజంతా కదల్చలేదు.

ఇప్పుడు చివరగా స్నానం చేసినవారు వైపరుతో గోడను, అంచును తుడిచి, ఎగ్జాస్ట్ ఫ్యానును ఇరవై నిమిషాలు నడపాలన్నది ఇంటి నియమం. దానిని అందరికంటే ఎక్కువగా మరచిపోయేది మేమేనని పిల్లలు గుర్తుచేస్తుంటారు.

కింది ఇంటి పైకప్పుకు రంగు వేయించే ఖర్చు మాదేనని చెప్పాము. ఆ సోదరి ముందు వద్దన్నారు, తరువాత అంగీకరించారు. రెండు నెలలు ఆగమని మాత్రం కోరాము. లోపలి తడి ఆరకముందే వేసిన రంగు పొక్కులు లేచి ఊడిపోతుంది. పెన్సిలు గీత అప్పటివరకు అలాగే ఉన్నది. మచ్చ మళ్ళీ దానిని దాటలేదు.