ఇంట్లో పాత పిస్టల్ ఉందా? సర్‌ప్లస్ తుపాకులపై మన చట్టం ఏం చెబుతోంది?

సైన్యం వాడి పక్కన పెట్టిన పిస్టల్‌ను కొనడం, విప్పి తుడవడం, దానికి కావాల్సిన తూటాలను ఇంట్లోనే నింపుకోవడం. అమెరికా నుంచి వచ్చే ఇలాంటి వీడియోలు మన ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. అక్కడ అదొక కాలక్షేపం. జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో అదే పని చేస్తే కనీసం ఏడేళ్ల జైలు.

వీడియో చూసి అంత దూరం వెళ్లేవాళ్లు కొద్దిమందే ఉంటారు. కానీ ఇంటి పెద్ద చనిపోయాక బీరువాలో మిగిలిపోయిన తుపాకీ ఏ తప్పూ చేయని కుటుంబాన్ని కూడా కేసులోకి లాగగలదు. ఈ రెండు విషయాల్లో చట్టం ఏమంటోంది? ఎవరిని కలవాలి?

సర్‌ప్లస్ పిస్టల్ అంటే ఏంటి?

సైన్యం కొత్త ఆయుధాలకు మారినప్పుడు పాతవి మిగిలిపోతాయి. ఉదాహరణకు .45 బోర్ ఎం1911 పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911లో స్వీకరించింది. 1985లో 9 ఎంఎం బెరెటాకు మారింది. గోదాముల్లో మిగిలిన పాత పిస్టళ్లను 'సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్' అనే సంస్థ 2018 నుంచి అక్కడి పౌరులకు అమ్ముతోంది.

మన దేశంలో సైన్యం జనానికి నేరుగా పిస్టళ్లు అమ్మే ఏర్పాటు లేదు. సైన్యం ప్రామాణికంగా వాడని కొన్ని రకాల ఆయుధాలను అధికారులకు సొంత వాడకానికి కేటాయించే పద్ధతి ఉండేది. వాటిలో కొన్ని రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ ప్రాంతంలో చేతులు మారాయన్న వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018లో జబల్‌పూర్ సెంట్రల్ ఆర్డినెన్స్ డిపో నుంచి ఏకే-47లు బిహార్‌లోని ముంగేర్‌కు చేరిన కేసు బయటపడింది. కాబట్టి 'ఇది మిలిటరీ మాల్, సర్‌ప్లస్‌లో వచ్చింది' అని ఎవరైనా చెబితే, అది దొంగసొత్తు కావచ్చని ముందే అనుమానించాలి.

లైసెన్సు ఉన్నా కొనలేమా?

ఇక్కడ అసలు అడ్డంకి బోర్. ఆయుధ నిబంధనలు తుపాకులను నిషేధిత బోర్, నిషేధం లేని బోర్ అని విడదీశాయి. సైన్యం వాడే 9 ఎంఎం, .45 రిమ్‌లెస్, .380, .455 రిమ్డ్ తూటాలను పేల్చగల పిస్టల్, రివాల్వర్ ఏదైనా నిషేధిత జాబితాలోకే వస్తుంది. అది ఎంత పాతది, ఏ దేశంలో తయారైంది అన్న తేడా లేదు. ఇందులోని తర్కం తేలిగ్గానే అర్థమవుతుంది. సర్కారు తూటా పౌరుడి తుపాకీలో పట్టకూడదు. పడితే సైన్యం నుంచో పోలీసుల నుంచో తూటాలు బయటికి జారే దారి తెరుచుకుంటుంది.

అంటే రెండో ప్రపంచయుద్ధం నాటి వెబ్లీ .38 రివాల్వర్, అమెరికా 1911, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం పిస్టల్ అన్నీ నిషేధిత బోరే. వీటికి జిల్లాలో లైసెన్సు ఇవ్వరు. నిర్ణయం కేంద్ర హోంశాఖది. అనుమతి లేకుండా ఇలాంటిది దగ్గర ఉంచుకుంటే ఆయుధ చట్టం సెక్షన్ 25(1ఏ) కింద 7 నుంచి 14 ఏళ్ల జైలు. నిషేధం లేని బోర్ తుపాకీని లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్లు. 2019 సవరణతో ఈ శిక్షలు పెరిగాయి.

మరి మామూలు పౌరుడికి దొరికేదేంటి?

ప్రభుత్వ కర్మాగారాల్లో తయారయ్యే .32 రివాల్వర్, .32 పిస్టల్, 12 బోర్ తుపాకీ వంటివి. 2014లో మహిళల కోసమంటూ కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ తెచ్చిన 'నిర్భీక్' కూడా .32 రివాల్వరే. రిటైరైన జవాన్లు బ్యాంకుల దగ్గర, క్యాష్ వ్యాన్ల మీద గన్‌మెన్‌గా పనిచేసేటప్పుడు ఎక్కువగా భుజాన కనిపించేది 12 బోర్.

లైసెన్సుకు కనీస వయసు 21 ఏళ్లు. ఒకరికి రెండు తుపాకులకు మించి అనుమతి లేదు. 2019కి ముందు మూడుండేవి. లైసెన్సు గడువు ఐదేళ్లు. ఆయుధ భద్రత శిక్షణ పొందినట్లు సర్టిఫికెట్ కూడా ఉండాలి.

ఎవరికి దరఖాస్తు చేయాలి?

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ మూడు పట్టణాలవాళ్లూ కరీంనగర్‌కే వెళ్లేవారు. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల వాసులకు జగిత్యాల కలెక్టరేట్, సిరిసిల్ల వాసులకు రాజన్న సిరిసిల్ల కలెక్టరేట్. కరీంనగర్‌లో పోలీస్ కమిషనరేట్ ఉంది కాబట్టి అక్కడ ఈ అధికారం కమిషనర్‌ది. ఈ తేడా తెలియక తప్పు ఆఫీసు చుట్టూ తిరగొద్దు.

కలెక్టర్ నిర్ణయానికి ముందు పోలీసుల నివేదిక తప్పనిసరి. తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. సాధారణంగా వాటి కాపీని దరఖాస్తుదారు అడిగి తీసుకోవచ్చు, ఆపై అప్పీలు చేసుకోవచ్చు. ఈ ప్రాంతంలో తుపాకీ ఎప్పుడూ తేలిక విషయం కాదు. రైతు కూలీ ఉద్యమం ఉధృతంగా ఉన్న 1978 అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇక్కడి పల్లెలు రెండు వైపుల తుపాకుల మధ్యే నలిగాయి.

శుభ్రం చేసుకోవచ్చా? రిపేరు చేయించొచ్చా?

లైసెన్సుదారు తన తుపాకీని తుడుచుకోవడం, నూనె రాసుకోవడం మామూలు నిర్వహణే. తూటాలు తీసేశామని రెండుసార్లు చూసుకున్నాకే చేయి పెట్టాలి. తుపాకీని, తూటాలను వేర్వేరుగా, తాళం వేసి, పిల్లలకు అందకుండా ఉంచాలి.

రిపేరు సంగతి వేరు. సెక్షన్ 5 ప్రకారం అమ్మకానికి, తయారీకి ఎలా లైసెన్సు కావాలో, తుపాకులు రిపేరు చేసే వృత్తికీ అలాగే కావాలి. ఊళ్లోని లేత్ మిషన్ షాపులో స్ప్రింగ్ మార్పించడం, గొట్టం కోయించడం ఇద్దరినీ నేరస్తులను చేస్తుంది. లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గరికే వెళ్లాలి.

తూటాలు ఇంట్లో నింపుకుంటే?

వాడేసిన ఖాళీ తొడుగులో మళ్లీ ప్రైమర్, మందు, గుండు పెట్టడాన్నే రీలోడింగ్ అంటారు. అమెరికాలో దీనికి కావాల్సిన యంత్రాలు షాపుల్లోనే దొరుకుతాయి. మన చట్టంలో 'మందుగుండు' నిర్వచనం చాలా పెద్దది. పూర్తయిన తూటాయే కాదు, దాని విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రం కూడా అందులో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించిన రీలోడింగ్ ప్రెస్ ఒక్కటే సమస్య తెచ్చిపెట్టవచ్చు. అనుమతి లేకుండా తయారుచేస్తే సెక్షన్ 25(1) కింద ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు చేసుకునే హక్కు రాదు. డీలర్ దగ్గర, లైసెన్సులో రాసిన పరిమితి మేరకే కొనాలి.

నాన్న పోయారు, తుపాకీ ఇంట్లోనే ఉంది. ఏం చేయాలి?

లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. ఆయనతోనే అది ముగుస్తుంది. ఆ తర్వాత తుపాకీని అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలని సెక్షన్ 21 చెబుతోంది. గడువు తీరిన, రద్దయిన లైసెన్సులకూ ఇదే వర్తిస్తుంది. 'పెద్దకర్మ అయ్యాక చూద్దాం, కొడుకు దుబాయ్ నుంచి వచ్చాక చూద్దాం' అనుకోవద్దు. గల్ఫ్ వలసలు ఎక్కువున్న ఈ జిల్లాల్లో ఇలాంటి సమయంలో ఇంట్లో ఉండేది చాలాసార్లు తల్లి, కోడలు. ప్రశ్నలు ముందు వాళ్లకే ఎదురవుతాయి.

జమ చేస్తే తుపాకీ పోయినట్లు కాదు. వారసుల్లో ఒకరు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసి తిరిగి తీసుకోవచ్చు. వద్దనుకుంటే, అర్హత ఉన్న వ్యక్తికో డీలర్‌కో చట్టప్రకారం అమ్మొచ్చు. ఏదీ చేయకుండా వదిలేస్తే మాత్రం నిర్ణీత గడువు తర్వాత ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు.

ఇంతకన్నా మంచి దారి, పెద్దాయన బతికుండగానే పని పూర్తిచేయడం. ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ తీసుకొని 25 ఏళ్లు దాటినా వారసుడి పేరున లైసెన్సు కోరే వీలు 2016 ఆయుధ నిబంధనల్లో ఉంది. పాత కరీంనగర్ జిల్లా లైసెన్సు అయితే అందులో జాతీయ డేటాబేస్ ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్య, అంటే యూఐఎన్, ఉందో లేదో చూడండి. అది లేని లైసెన్సు చెల్లదు.

అమెరికా నుంచి వస్తూ తెచ్చుకోవచ్చా?

లగేజీలో తుపాకీ తేవడం కస్టమ్స్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. మకాం పూర్తిగా ఇక్కడికి మార్చుకునేవారికి షరతులతో ఒక మినహాయింపు ఉన్నా, అది నిషేధం లేని బోర్‌కే. .45 పిస్టల్‌కు వర్తించదు.

ఇవి గుర్తుంచుకోండి

• పాత తుపాకీ దొరికితే ట్రిగ్గర్ ముట్టొద్దు, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు.
• సంచిలో పెట్టుకొని బండి మీద ఠాణాకు తీసుకెళ్లొద్దు. ముందు ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్లు చేయండి.
• జమ చేసినప్పుడు తుపాకీ నంబర్, తూటాల లెక్క రాసిన రసీదు తీసుకొని దాచుకోండి. రేపు వారసుడి దరఖాస్తుకు అదే ఆధారం.
• బరాత్‌లో గాల్లోకి కాల్చడం కూడా నేరమే. లైసెన్సు తుపాకీ అయినా సరే, రెండేళ్ల వరకు జైలు లేదా రూ.లక్ష వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు.