దొరాసూ మనోడెలా అయ్యాడు?

మొన్న మా ఆఫీసు తెలుగు గ్రూపులో ఓ ఫార్వర్డ్ వచ్చింది. "ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఆడిన తెలుగోడు వికాశ్ దొరాసూ, గర్వంగా షేర్ చెయ్యండి" అని. కింద వరసగా బొటనవేళ్ళు. నాకైతే ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తాను, ఆ తర్వాత తిట్టుకుందురుగాని.

దొరాసూ 1973లో ఫ్రాన్సులో పుట్టాడు. వాళ్ళది మారిషస్ నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న కుటుంబం. 19వ శతాబ్దంలో మన తీరం నుంచి చెరుకు తోటల్లో కూలికని ఓడలెక్కినవాళ్ళు అక్కడ ఎందరో. ఇతను మిడ్‌ఫీల్డరు. అంటే మన భాషలో బ్యాకెండ్: గోలు కొట్టినవాడి పేరే అందరికీ తెలుస్తుంది, బంతి అక్కడిదాకా చేర్చినవాడిది కాదు. లె హావ్ర్, లియాన్, బోర్డో, ఏసీ మిలాన్, పీఎస్‌జీ. లియాన్‌తో 2003, 2004 లీగ్ టైటిళ్ళు. ఫ్రాన్సు తరఫున 18 మ్యాచులు, ఒక్క గోలు.

2006 ప్రపంచ కప్పులో అతనికి దక్కింది రెండు మ్యాచుల్లో కాసిని నిమిషాలు. మనం బెంచి మీదుంటే ఏం చేస్తాం? సర్టిఫికేషన్ల పేరు చెప్పి కాలక్షేపం. అతను చిన్న కెమెరా పట్టుకుని తన బెంచి బతుకునే షూట్ చేశాడు. అది 2007లో 'సబ్‌స్టిట్యూట్' అనే సినిమాగా వచ్చింది. మధ్యలో, 2006 అక్టోబరులో, కోచ్‌ని పత్రికలో విమర్శించినందుకు పీఎస్‌జీ ఉద్యోగంలోంచి తీసేసింది.

ఇప్పుడు చెప్పండి, ఇతను మనలాంటి వాడేనా? మేనేజరు మీద ఒక్క మాట పైకి అన్న మొనగాడు మన గ్రూపులో ఉన్నాడా? నేను కాదు. పోయిన అప్రైజల్లో "ఓకే అండీ" అని తలూపి బయటికొచ్చిన వాణ్ణే.

మాది పర్చూరు. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. మా ఊళ్ళో నా ఈడువాడే ఒకడు మిరపకాయలు ఎత్తేశాక ఖాళీ అయిన కల్లంలో బంతి ఆడేవాడు. తల ఎత్తకుండానే ఎవడెక్కడున్నాడో తెలిసేది వాడికి. ఇంటర్‌కి హాస్టల్లో వేశారు. అక్కడ వార్డెను వాడి బంతిని బ్లేడుతో కోసి చెత్తబుట్టలో పడేశాడు. "ర్యాంకు వచ్చాక ఆడుకో" అన్నాడు. ర్యాంకు వచ్చింది. ఇప్పుడు బెంగుళూరులో టెస్టింగ్ చేస్తున్నాడు, మెట్లెక్కితే ఆయాసం అంటున్నాడు.

"అందరూ ఫుట్‌బాల్ ఆడితే తిండెవడు పెడతాడోయ్" అంటారు, తెలుసు. అందర్నీ ఆడమనలేదు. రోజుకో గంట ఆ బంతి కొయ్యకుండా ఉంటే చాలంటున్నా. ఆడేవాణ్ణి మొలకలోనే తుంచేసి, ఎక్కడో ఫ్రాన్సులో మొలిచినవాడికి మన ఇంటిపేరు తగిలిస్తే సిగ్గుగా లేదూ?

అంత గర్వపడాలనుంటే హైదరాబాదు రహీం ఉన్నాడు. ఆయన కోచింగులోనే మన దేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆయన గురించి ఒక్క ఫార్వర్డూ రాలేదే?

ఈసారి పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చందాలు పోగేసి స్వాగత ద్వారం కట్టించే బదులు, బళ్ళో రెండు గోలుపోస్టులు పాతించండి. అక్కణ్ణుంచి ఒక్కడొచ్చినా చాలు, వాణ్ణి మనోడందాం. నేనూ షేర్ చేస్తా.