కాళ్లు కావాలి, తల వద్దా?

ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో ఫ్రాన్స్ గెలిస్తే అర్ధరాత్రి దాకా మేల్కొని ఈలలేసే పెద్దమనుషుల్లారా, జాన్ టిగానా పేరు విన్నారా? లేదు కదూ. ప్లాటిని పేరు మాత్రం తెలుసు!

1984 జూన్ 23, మార్సే. యూరో సెమీఫైనల్, పోర్చుగల్‌తో 2-2. అదనపు సమయం ముగుస్తోంది. 119వ నిమిషంలో, అందరూ కాళ్లీడ్చుకుంటున్న వేళ, ఒక బక్కపల్చటి మనిషి కుడివైపు నుంచి బంతితో గోల్ లైన్ దాకా దూసుకెళ్లి వెనక్కి తోశాడు. ప్లాటిని కొట్టాడు. ఫ్రాన్స్ ఫైనల్‌కెళ్లింది. పరిగెత్తింది టిగానా. ఆ రోజు అతనికి ఇరవై తొమ్మిదేళ్లు నిండాయి. మూడేళ్లప్పుడు ఆఫ్రికాలోని బమాకో నుంచి వచ్చి పెరిగిన ఊరూ అదే. ఆటగాడిగా నిలదొక్కుకోకముందు స్పఘెట్టి ఫ్యాక్టరీలో పనిచేశాడు, ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు.

పరిగెత్తినన్నాళ్లూ ముద్దే. ఆలోచించడం మొదలుపెట్టాకే ముళ్లు.

కోచ్‌గా 1997లో మొనాకోకు లీగు టైటిల్ తెచ్చాడు. మరుసటి ఏడు మాంచెస్టర్ యునైటెడ్‌ను ఇంటికి పంపి చాంపియన్స్ లీగ్ సెమీస్‌కు చేర్చాడు. ఆ జట్టులోని కుర్రాళ్లు హెన్రీ, ట్రెజెగే అదే వేసవిలో ప్రపంచకప్పు ఎత్తారు. మరి దేశపు కోచ్ కుర్చీ? ప్లాటినికైతే 1988లో కోచింగ్ అనుభవం సున్నా అయినా పిలిచి కూర్చోబెట్టారు. 2004లో టిగానా పేరు బరిలో ఉండగా, పెద్ద లీగులో టైటిల్ ఒక్కటీ లేని దొమెనెక్‌ను ఎంచుకున్నారు. 2008 యూరోలో తొలి దశలోనే ఇంటిముఖం పట్టినా ఆయన్ను కదపలేదు. 2010లో ఆటగాళ్లు సమ్మె చేసి జట్టు పరువు దక్షిణాఫ్రికాలో కలిపే దాకా!

“ప్రతిభే కొలమానం” అంటారా? కొలిచి చూపించండి మరి.

“ప్లాటిని తాత ఇటలీ నుంచి వచ్చినవాడే” అని లేస్తారు కొందరు. అదే నా మాటా! ఒకడి వలస రెండు తరాల్లో కొట్టుకుపోతుంది, ఇంకొకడిది ఒంటి రంగులా అంటుకునే ఉంటుంది. టిగానా పుట్టిన 1955లో బమాకో మీద ఎగిరింది ఫ్రెంచ్ జెండాయే. మరి ఎవరు ఎవరి ఇంటికి ముందు చొరబడ్డారో చెప్పండి.

ఇంగ్లండ్ కథ ఇంకా కమ్మగా ఉంటుంది. అక్కడ కోచ్‌గా టిగానా నోట్లో పుల్ల నములుతూ గీత పక్కన నిలబడి, ఫుల్‌హామ్ క్లబ్బును 101 పాయింట్లతో పై లీగుకు ఎక్కించాడు. 1968 తర్వాత ఆ క్లబ్బు అక్కడ అడుగుపెట్టడం అదే. 2003లో సాగనంపి, ఆటగాళ్లకు ఎక్కువ ధర పెట్టావని కోర్టుకీడ్చారు. 2004లో హైకోర్టు అతనిదే న్యాయమంది. క్లబ్బు యజమాని ఎవరనుకున్నారు? బ్రిటిష్ పౌరసత్వం కోసం ఏళ్ల తరబడి తిరిగినా దక్కని ఈజిప్టు మనిషి అల్ ఫాయెద్! వలసవాడి మెడ మీద కత్తి పెట్టడానికి ఒక్కోసారి దొరవారే రానక్కర్లేదు.

2010 నవంబరులో ఫ్రెంచ్ ఫెడరేషన్ పెద్దలు కూర్చుని, రెండు జాతీయతలున్న పిల్లలను అకాడమీల్లో కోటా పెట్టి తగ్గిద్దామా అని చర్చించారు. జాతీయ కోచ్ బ్లాంక్ ఆ గదిలోనే ఉన్నాడు. మరుసటి ఏడు బయటపడితే గొడవ, విచారణ. బ్లాంక్ కుర్చీ చెక్కు చెదరలేదు.

ఛీ అంటున్నారా? ఆగండి. అమెరికాలో మనవాడు సీఈఓ అయితే ఊరంతా మిఠాయిలు పంచుతారు. మీ అపార్ట్‌మెంటు గోడలు లేపిన బీహారీ మేస్త్రీ కొడుకు రేపు మీ కాలనీ సంఘానికి అధ్యక్షుడిగా నిలబడితే ఓటేస్తారా? వేస్తానన్నవాడు నాకు ఉత్తరం రాయాలి. తిట్టేవాళ్లు కూడా రాయొచ్చు, నాకు అలవాటే.