రాత్రిబడికి ఒక గది

చెప్పేవారున్నారు, నేర్చుకునేవారున్నారు, కూర్చునే చోటు లేదు. ఇందుకే రాత్రిబడి ఆగిపోవడం విచారకరం. 2018 మార్చితో సాక్షర భారత్ పథకం ముగిసింది. పంచాయతీల్లో నడిచిన వయోజన విద్యా కేంద్రాలూ దానితో మూతబడ్డాయి. 2022లో ప్రారంభమైన ‘ఉల్లాస్’ కార్యక్రమానికి స్వచ్ఛంద కార్యకర్తలే ఆధారం. చోటు వెతుక్కోవలసింది ఊరివారే.

ఏదో ఒక చోటైతే సరిపోదు. రచ్చబండ మీద మగవాళ్లు బీడీలు కాలుస్తూ కూర్చుంటే ఆడవాళ్లు పలక పట్టుకుని రారు. గుడి మండపమంటే సంకోచించేవారుంటారు. ఒకరి అరుగు మీద పెడితే ఆ ఇంటితో మాటల్లేనివారు మానేస్తారు. కూలికి వెళ్లొచ్చి, వంట ముగించుకుని, ఎనిమిది దాటాక బయలుదేరే మనిషిని ఊరి చివర షెడ్డుకు రమ్మనడమంటే రావద్దనడమే!

నెల్లూరు జిల్లావారికి ఈ సంగతి వేరే చెప్పాలా? 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారంటే, అంతకు ముందు అక్షరాస్యతా తరగతుల్లో కలిసి కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోబట్టే. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఊళ్లోని సర్కారు బడికి సాయంత్రమైతే తాళం పడుతుంది. వస్తువులు పోతే జవాబు చెప్పవలసింది తానేనని హెడ్మాస్టరు భయం. అది న్యాయమైన భయమే. కనుక పంచాయతీ తీర్మానం చేసి, మండల విద్యాశాఖాధికారి అనుమతి తెచ్చి, ఒక్క గదికి విడిగా తాళం వేయించాలి. దీపం ఖర్చు పంచాయతీ భరించాలి. తాళంచెవి మాత్రం చదువుకునే ఆడవాళ్లలోనే ఒకరి దగ్గర ఉండాలి.