కారు లేనివారి రాజధాని

2025 జూలై 1వ తేదీన ఢిల్లీలో ఒక నిషేధం అమలులోకి వచ్చినది. పదేళ్లు దాటిన డీజిలు వాహనాలకు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలకు బంకులలో ఇంధనం పోయరాదన్నది ఆ నిషేధం సారాంశం. వాహన యజమానులలో గగ్గోలు పుట్టినది. మూడవ రోజుననే ఢిల్లీ ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలిపివేయవలసినదిగా వాయు నాణ్యతా కమిషన్‌కు లేఖ వ్రాసినది. 8వ తేదీన కమిషన్ అమలును వాయిదా వేసినది. ఆగస్టు 12న సుప్రీం కోర్టు కూడా యజమానులపై కఠిన చర్యలు తీసుకోరాదని ఆదేశించినది. డిసెంబరులో ఆ రక్షణను కొంత కుదించిన మాట వేరు. ప్రజాభిప్రాయానికి ప్రభుత్వం ఇంత వేగంగా తల ఒగ్గడం రాజధానిలో అరుదైన దృశ్యం.

ఇదే నగరానికి, ఇదే న్యాయస్థానం 1998 జూలై 28న ఇచ్చిన ఆదేశం ఒకటి ఉన్నది. ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో వెలువడిన ఆదేశమది. నగర బస్సులన్నింటినీ సి.ఎన్.జి.కి మార్చవలెననీ, 2001 ఏప్రిల్ 1 నాటికి బస్సుల సంఖ్యను 10,000కు పెంచవలెననీ అందులో స్పష్టంగా పేర్కొన్నారు. మొదటిది ఆలస్యంగానైనా నెరవేరినది. అందుకు దేశమంతా ఢిల్లీని మెచ్చుకొన్నది. రెండవదానిని ఢిల్లీ నేటికీ అందుకోలేదు. గడువు దాటి పాతికేళ్లు గడచినా దానికోసం గగ్గోలు పుట్టలేదు.

ప్రజాభిప్రాయమంటే ఎవరి అభిప్రాయమన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఢిల్లీలో దాదాపు ఐదు కుటుంబాలలో ఒక్కదానికే కారు ఉన్నది. ఆ తరువాత ఈ నిష్పత్తి పెరిగి ఉండవచ్చును గాని, కారు లేనివారు అల్పసంఖ్యాకులైపోయినారని ఎవరూ అనజాలరు. అయినా చలికాలం వచ్చి ఆకాశం బూడిదరంగుకు తిరిగినప్పుడల్లా చర్చ అంతా కార్ల చుట్టూనే తిరుగుతుంది. ఏ కారు తిరగవచ్చును, ఏది తిరగరాదు, సరి సంఖ్యా, బేసి సంఖ్యా? 2016లో సరి-బేసి పద్ధతిని రెండు విడతలుగా అమలు జరిపినప్పుడు పత్రికలవారమందరమూ కారు దిగినవాని కష్టాలనే వర్ణించినాము. ఏనాడూ కారు ఎక్కనివాడు ఆఫీసుకు ఎట్లా చేరుకుంటున్నాడో వ్రాసినది తక్కువ. కారు లేకుండానే ఈ నగరంలో కాలం గడుపుతున్న నాకు కూడా ఇది తట్టడానికి చాలాకాలం పట్టినది.

బస్సు కథ ఒకప్పుడు ఇంత దీనంగా లేదు. 1971లో ఢిల్లీ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఏర్పడినది. రింగు రోడ్డు చుట్టూ తిరిగే ‘ముద్రిక’ బస్సు అంటే ఆనాటి గుమాస్తాకు నగరమంతా చేతిలో ఉన్నట్లే. 1982 ఏషియన్ క్రీడల వేళ సరకుల రవాణాకోసం వేసిన రింగు రైలు మార్గం మీద ప్రయాణికుల బండ్లు కూడా నడిపినారు. కాని స్టేషన్లకు పోవడానికి దారులే సరిగా లేకపోవడంతో ఆ రైలును జనం మరచిపోయినారు. 1992లో ప్రైవేటువారికి ‘రెడ్ లైన్’ బస్సులు అప్పగించినారు. అవి పాదచారుల ప్రాణాలు తీస్తున్నవన్న నింద వచ్చినప్పుడు రంగు మార్చి ‘బ్లూ లైన్’ అన్నారు. రంగు మారినది గాని డ్రైవర్ల పరుగుపందెం మారలేదు.

2010 కామన్‌వెల్త్ క్రీడలకు ముందు, వెనుక కొన్న లోఫ్లోర్ బస్సులతో కొంత ఊపిరి వచ్చినది. ఆపైన 2022లో విద్యుత్ బస్సులు వచ్చేవరకు దాదాపు పదేళ్లు కార్పొరేషన్ కొత్త బస్సును కొనలేదు. 2025 మార్చిలో శాసనసభ ముందుంచిన కాగ్ నివేదికలో 2015-16లో 4,344గా ఉన్న సంస్థ బస్సులు కొన్నేళ్లలో 3,937కు తగ్గినట్లు ఉన్నది. పేరుకొన్న నష్టాలు 60,000 కోట్ల రూపాయలు దాటినవి. టిక్కెట్టు ధరలను 2009 తరువాత ముట్టుకోలేదు. ఓటరును నొప్పించరాదని ధర పెంచలేదు. ధర పెంచలేదు గనుక డబ్బు లేదు. డబ్బు లేదు గనుక బస్సు లేదు. చౌక టిక్కెట్టు పట్టుకొని రాని బస్సుకోసం నిలబడ్డ వాడికి దక్కిన లాభమేమిటో ఆర్థికవేత్తలే చెప్పవలెను.

మరి మెట్రో ఉన్నది గదా అంటారు. నిస్సందేహంగా ఉన్నది. 2002 డిసెంబరులో షాదరా, తీస్ హజారీల మధ్య మొదలైన ఆ రైలు శ్రీధరన్ గారి కార్యదక్షతకు గుర్తుగా నేడు నోయిడా, గుడ్‌గావ్, ఫరీదాబాద్, ఘాజియాబాద్‌ల దాకా విస్తరించినది. దానిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2025 ఆగస్టులో కనిష్ఠ చార్జీని 10 నుండి 11 రూపాయలకు, గరిష్ఠాన్ని 60 నుండి 64కు పెంచినప్పటికీ అది నగరానికి వెన్నెముకే. కాని వెన్నెముక ఒక్కటే మనిషి కాదు. ఇంటినుండి స్టేషనుకు, స్టేషనునుండి పనిచోటుకు పోయే దారి మాటేమిటి?

రాజమండ్రిలో జన్మించి, ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు సౌత్ క్యాంపస్ స్టేషనుకు పెట్టినారు. తెలుగువారికి అది గర్వకారణం. విమానం దిగి ఎయిర్‌పోర్టు రైలులో ధౌలా కువా వచ్చి అక్కడ మారదలచినవారు ఒక పొడవాటి ఆకాశవారధిపై నడచి ఆమె పేరిట ఉన్న స్టేషనుకు చేరవలెను. అక్కడ కనీసం వారధి కట్టినారు. నోయిడాలో 2019 జనవరిలో ఆక్వా లైన్ ప్రారంభమైనప్పుడు దాని సెక్టారు 51 స్టేషనుకూ, ఢిల్లీ మెట్రోవారి సెక్టారు 52 స్టేషనుకూ మధ్య దూరం సుమారు 300 మీటర్లే. కాని సంస్థలు రెండు, టిక్కెట్లు రెండు. సంవత్సరాల తరబడి ప్రయాణికులు సామాను మోసుకొంటూ ఒకదాని నుండి మరొకదానికి రోడ్డున పడి నడిచినారు. పటం మీద రెండు రంగుల గీతలు కలిసినట్లే కనిపిస్తాయి!

బస్సుకు ప్రత్యేకంగా దారి ఇవ్వడానికి ఒక ప్రయత్నం జరిగినది. అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల బి.ఆర్.టి. మార్గాన్ని 2008లో తెరిచినారు. నిర్మాణంలో లోపాలు లేకపోలేదు. స్టాపులు రోడ్డు నడుమ పెట్టడంతో ప్రయాణికులు ప్రాణాలు అరచేత పట్టుకొని దాటవలసి వచ్చినది. కాని విమర్శ దానిమీద కాదు, కార్లు ఆగిపోతున్నవని! ఢిల్లీ హైకోర్టు 2012లో ఆ మార్గాన్ని సమర్థించి వ్యాజ్యాన్ని కొట్టివేసినప్పటికీ 2016లో ప్రభుత్వమే దానిని పడగొట్టించినది. ఇంత త్వరితంగా పడగొట్టిన నిర్మాణాలు ఢిల్లీలో బహు తక్కువ.

ఇదంతా సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమేనని తలచేవారు 2012 డిసెంబరు 16 రాత్రిని తలచుకోవలెను. సాకేత్‌లో సినిమా చూసిన ఒక యువతి, ఆమె స్నేహితుడు ద్వారకకు వెళ్లడానికి ఆటోవారు ఒప్పుకోకపోతే మునిర్కా బస్ స్టాపు వరకు వచ్చి, ద్వారక పోతుందని చెప్పి పిలిచిన ఒక ప్రైవేటు బస్సు ఎక్కినారు. తరువాత జరిగినది దేశమంతటికీ తెలుసు. శిక్షాస్మృతిని సవరించినారు, నేరస్థులను శిక్షించినారు, అవి జరగవలసినవే. నమ్మదగిన సర్కారు బస్సు ఆ స్టాపుకు ఆ వేళ ఎంతసేపటికి ఒకటి రావలెనన్న ప్రశ్నకు మాత్రం ఆ శ్రద్ధలో పదోవంతు దక్కలేదు. 2018లో మునిర్కాకు మెట్రో వచ్చినది. అయినా చివరి రైలు వెళ్లిపోయిన తరువాత ఆసుపత్రి నర్సుకు, హోటలు పనివానికి మిగిలేది ఆ స్టాపే.

2019 అక్టోబరులో ఢిల్లీ మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలుపెట్టినది. తెలంగాణ 2023 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టులోను ఆ దారి పట్టినవి. మన రాష్ట్రాలకు ఒక అదృష్టం ఉన్నది. నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన సంస్థకు వారసులుగా ఆర్.టి.సి.లు నిలబడినవి, పల్లెకు బస్సు రాకపోతే ఎమ్మెల్యేను నిలదీసే అలవాటు జనానికి ఉన్నది. ఢిల్లీలో నిలదీయవలసినది ఎవరిని? బస్సు రాష్ట్ర ప్రభుత్వానిది, భూమి కేంద్రం క్రింది డి.డి.ఎ.ది, మెట్రో ఇద్దరిదీ, కాలిబాట కొంత కార్పొరేషన్‌ది, కొంత పి.డబ్ల్యు.డి.ది. సరిహద్దు దాటితే ఒకవైపు హర్యానా, మరొకవైపు ఉత్తరప్రదేశ్. గుడ్‌గావ్ వంటి నగరం 2018 వరకు సొంత సిటీ బస్సులు లేకుండానే మహానగరమని పిలిపించుకొన్నది.

2025 మే నుండి ‘దేవి’ అను పేరుతో తొమ్మిది మీటర్ల చిన్న విద్యుత్ బస్సులు కాలనీల నుండి మెట్రో స్టేషన్ల దాకా తిరుగుతున్నవి. ఇరుకు వీధులలోకి పోగలవు గనుక ఆలోచన మంచిదే. అయితే వయసు మళ్లిన పన్నెండు మీటర్ల బస్సులు అదే సమయంలో రోడ్డు దిగిపోతున్నవి. పెద్ద బస్సు ఒకటి పోయి చిన్న బస్సు ఒకటి వస్తే ప్రభుత్వ లెక్కలో సరిపోతుంది గాని ఆసనాల లెక్కలో సరిపోదు. శాసనసభలో సభ్యులు బస్సులెన్ని అని అడగడంతో ఊరుకొనక, ఆసనాలెన్ని, రాత్రి పది తరువాత ఏ రూటులో ఎంతసేపటికి ఒక బస్సు అని కూడా అడిగితే మంత్రిగారి జవాబు ఎట్లా ఉంటుందో వినవలెనని ఉన్నది.