మోటారుకు రీవైండింగ్, ల్యాప్‌టాప్‌కు చెత్తబుట్టా?



జిల్లా కార్యాలయంలో ఉన్న ల్యాప్‌టాప్‌ను తీసేసి కొత్తది కొనాలా, ఉన్నదాన్నే బాగుచేయించుకుని వాడాలా అన్న ప్రశ్న మా పల్నాడు జిల్లా కార్యవర్గం ముందుకు వచ్చింది. కౌలు కార్డులు, మిర్చి ధర, రీసర్వే తప్పులు ఇన్ని సమస్యలుండగా పత్రికలో దీని గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆ సమస్యల మీద మనం పెట్టే ప్రతి అర్జీ ఇవాళ ఆ ల్యాప్‌టాప్‌లోంచే బయటికి వస్తోంది. పైగా ఇది మా ఒక్క జిల్లాది కాదు. ఏడెనిమిదేళ్ల కిందట కంప్యూటర్ కొన్న ప్రతి సంఘ కార్యాలయానికీ, పిల్లల చదువు కోసం కొన్న పాత ల్యాప్‌టాప్ మూలన ఉన్న ప్రతి రైతు ఇంటికీ ఈ ప్రశ్న ఎదురవుతోంది. అందుకే మా ఆలోచనను అందరి ముందు పెడుతున్నాం.

మా ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. మీభూమిలో అడంగల్, 1బీ చూడటం, రీసర్వేలో విస్తీర్ణం తగ్గిన వారికి అర్జీలు టైపు చేయడం, పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ డబ్బులు పడని వారి జాబితాలు కట్టడం, కరపత్రాలు, సభ్యత్వ లెక్కలు, అన్నీ దాని మీదే. ఇప్పుడు స్విచ్ నొక్కితే తెరుచుకోవడానికి పది నిమిషాలు పడుతోంది. బ్యాటరీ అయిపోయింది, కరెంటు పోతే టైపు చేసింది కూడా పోతుంది.

కొత్తది కొందామంటున్న యువ కార్యకర్తల మాటలో న్యాయం ఉంది. ఒక కౌలు రైతు బస్సు ఛార్జీ పెట్టుకుని, ఒక పూట కూలి పోగొట్టుకుని మన దగ్గరికి వస్తాడు. భూ యజమాని సంతకం పెట్టడు, సంతకం లేనిదే సాగుదారు హక్కు పత్రం రాదు. ఆ గోడు చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని యంత్రం తెరుచుకునే దాకా బెంచీ మీద కూర్చోబెట్టడం సంఘానికి మర్యాద కాదు. రాత్రి దాకా కూర్చుని ఆ యంత్రంతో కుస్తీ పట్టే కార్యకర్త ఓపికకూ విలువ ఉంది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఇంకొక కారణం దీనికంటే పెద్దది. ఇలాంటి పాత యంత్రాలు చాలావరకు విండోస్ 10 మీద నడుస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు మద్దతు ఆపేసింది. మద్దతు ఆగిందంటే ల్యాప్‌టాప్ ఆగిపోతుందని కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఎప్పటికప్పుడు సందులు బయటపడుతుంటాయి, దొంగలు వాటిలోంచే దూరతారు. ఆ సందులు పూడ్చే పనినే అప్‌డేట్ అంటారు. సాగర్ కుడి కాలువ మీద లస్కర్లు లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. నీళ్లు పారుతూనే ఉంటాయి, గండి పడితే మాత్రం చూసే దిక్కుండదు. ఇదీ అంతే. సొంతానికి వాడుకునేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు ఆ సవరణలు అందుతాయి. అది గడువు పెంపే గానీ పరిష్కారం కాదు.

మరి విండోస్ 11 వేసుకోవచ్చు కదా అంటే, దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అనుమతిస్తారు. 2016 నాటివి ఎక్కువగా ఆరో తరానివి. అంటే యంత్రం నడుస్తుంది, పని చేస్తుంది, కానీ లెక్క ప్రకారం దానికి కాలం చెల్లింది.

ఇక్కడే మేము ఒక మాట అడుగుతున్నాం. బోరు మోటారు కాలితే మనం ఏం చేస్తాం? విప్పి, భుజాన వేసుకుని రీవైండింగ్ షాపుకు పోతాం. కొత్త మోటారు కొనం. ట్రాక్టరు పొగ కక్కితే ఇంజను పని చేయిస్తాం. బాడీ పుచ్చిపోయిందా, గేరుబాక్సు పగిలిందా, బాగుచేయించిన ఖర్చు మళ్లీ రాబట్టుకోగలమా అని చూశాకే మార్చే మాట ఎత్తుతాం. ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి ఎందుకు పక్కన పెట్టాలి? కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత మన పెద్దలు ఊరికే అనలేదు.

అందుకే మరమ్మతు షాపులో దాన్ని విప్పించి చూపించాం. మదర్‌బోర్డు బాగుంది, తెర బాగుంది, కీబోర్డు బాగుంది. నెమ్మదికి అసలు కారణం లోపల తిరిగే పాత తరహా హార్డ్ డిస్క్. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేస్తే తెరుచుకునే సమయం నిమిషంలోపుకు వస్తుందని మెకానిక్ చెప్పాడు. ర్యామ్ నాలుగు జీబీ ఉంది, ఎనిమిది చేయవచ్చు. బ్యాటరీ మార్చాలి, ఫ్యానులో పేరుకున్న దుమ్ము తీయాలి. అన్నీ కలిపి ఏడెనిమిది వేలు అవుతుంది. కొన్ని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు, వాటిలో పెంచడం కుదరదు. కాబట్టి విప్పి చూడకుండా ఎవరూ నిర్ణయం తీసుకోవద్దు.

కొత్తదానికి కార్యవర్గం అనుకున్న అంచనా 50 వేలు. మన సభ్యత్వం మనిషికి 10 రూపాయలు. అంటే ఐదు వేల మంది రైతులు, కూలీలు ఇచ్చిన సొమ్ము. ఎండలో ఊరూరా తిరిగి రాసిన ఐదు వేల రసీదులు. ఇంకో లెక్క కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది గానీ ల్యాప్‌టాప్‌ల మీద 18 శాతం అలాగే ఉంది. 50 వేల బిల్లులో పన్నే సుమారు 7,600 రూపాయలు. కొత్తది కొంటే కట్టే పన్నుతో పాతదాన్ని బాగుచేయించుకోవచ్చు!

సరే, వేగం వస్తుంది, మరి భద్రత మాటేమిటి? దానికీ దారి ఉంది. లినక్స్ అనే వ్యవస్థ ఉచితంగా దొరుకుతుంది. అందులో లినక్స్ మింట్, ఉబుంటు లాంటి రకాలు ఉన్నాయి. పాత యంత్రాల మీద కూడా నడుస్తాయి, భద్రతా సవరణలు క్రమంగా వస్తాయి. ఇంటర్నెట్ చూడటానికి ఫైర్‌ఫాక్స్, అర్జీలకూ లెక్కలకూ లిబ్రే ఆఫీస్ అందులో ఉంటాయి. తెలుగు టైపింగ్ ఉంది. ముందుగా పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూసుకోవచ్చు. మన ప్రింటర్ పనిచేస్తోందా, ప్రభుత్వ పోర్టళ్లు తెరుచుకుంటున్నాయా అని పరీక్షించాకే యంత్రంలో ఎక్కించుకోవచ్చు.

ఒక చిక్కు మాత్రం ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. మన కరపత్రాలన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారవుతాయి. డీటీపీ చేసే మన కార్యకర్త చేతికి అలవాటైంది అదే. అవి విండోస్ కోసం చేసినవి, లినక్స్‌లో నేరుగా నడవవు. దీనికి మా ప్రతిపాదన ఇది: ఒకే యంత్రంలో రెండూ ఉంచుదాం. పోర్టళ్లు, మెయిళ్లు, రైతుల వివరాలు లినక్స్‌లో. కరపత్రం పేజీలు కట్టే పని పాత విండోస్‌లో, నెట్ కనెక్షన్ పూర్తిగా తీసేసి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. ఎప్పటికీ దాన్నే పట్టుకుని ఉండలేం. పైగా అను ఫాంట్లలో టైపు చేసింది ఫోనులో మామూలు సందేశంగా పంపితే అర్థంకాని అక్షరాలుగా వస్తుంది, పాత ప్రతుల్లో ఒక మాట వెతకాలన్నా దొరకదు. కాబట్టి కొత్తగా టైపు చేసే అర్జీలు, నివేదికలు ఇక యూనికోడ్‌లోనే మొదలుపెడదాం. మండలి, రామభద్ర లాంటి మంచి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఇందులో డబ్బు ఆదా ఒక్కటే కాదు, మన ఉద్యమానికి సంబంధించిన సంగతి కూడా ఉంది. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు కొన్నవాడికి ఉండాలా, అమ్మిన కంపెనీకే ఉండాలా అన్న తగాదా ముందుగా గట్టిగా లేవనెత్తిన వాళ్లలో రైతులున్నారు. అమెరికాలో జాన్ డీర్ ట్రాక్టర్లలో సాఫ్ట్‌వేర్ తాళాల వల్ల చిన్న మరమ్మతుకు కూడా కంపెనీ డీలరు దగ్గరికే పోవాల్సి వస్తోందని అక్కడి రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద కోర్టుకు వెళ్లింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబర్‌లో ఒక పోర్టల్ తెరిచింది. అందులో తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి, ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు ఇంకొకటి. కానీ పోర్టల్ వేరు, చట్టం వేరు. విడిభాగాలు సరసమైన ధరకు ఇవ్వాలని, ఇన్నేళ్లు సాఫ్ట్‌వేర్ మద్దతు ఇస్తామని అమ్మేటప్పుడే చెప్పాలని చట్టం రావాలి. రేపు మన ట్రాక్టర్లు, డ్రోన్లు, డ్రిప్ కంట్రోలర్లు కూడా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. ఇవాళ ల్యాప్‌టాప్‌కు జరిగింది రేపు వాటికి జరగదన్న భరోసా ఏముంది?

అలాగని పాతదాన్ని పట్టుకుని వేలాడమని మేము అనడం లేదు. మదర్‌బోర్డు పోయినా, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటినా, చేయాల్సిన పని దాని మీద నడవకపోయినా మార్చాల్సిందే. అప్పుడు కూడా షోరూంకే పోనక్కర్లేదు. కంపెనీలు వాడి తీసేసిన ఆఫీసు ల్యాప్‌టాప్‌లు బాగుచేసి తక్కువ ధరకు అమ్ముతారు. బిల్లు, వారంటీ రాతపూర్వకంగా ఇచ్చేచోట, ఎనిమిదో తరం లేదా ఆపైది చూసి తీసుకోవచ్చు. పాతది ఎవరికి ఇచ్చినా హార్డ్ డిస్క్ తీసి మన దగ్గరే ఉంచుకోవాలి. అందులో రైతుల ఆధార్ కాపీలు, పాస్‌బుక్కులు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. అవి పాత సామాన్ల వాడి సంచిలోకి పోకూడదు.

ఇల్లు అలకగానే పండగ కాదు. 50 వేలు పోసి కొత్తది తెచ్చినా దాన్ని నడపగలిగేది ఒక్కరే అయితే, ఆ ఒక్కరు ఊరెళ్లిన రోజు కార్యాలయం మూతపడినట్టే. ఫైళ్లు ఒక్కచోటే ఉంటే, అది చెడిన రోజు పదేళ్ల పోరాటాల కాగితాలు పోయినట్టే. కాబట్టి మిగిలే డబ్బులో కొంత ఈ పనులకు ఖర్చు పెడదామని మా ప్రతిపాదన. బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ ఒకటి కొని ప్రతి శనివారం ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేయాలి, దాన్ని కార్యాలయంలో కాకుండా వేరే చోట ఉంచాలి. పని అయిపోయిన రైతుల ఆధార్ కాపీలు తీసేయాలి. మండలానికి ఇద్దరు చొప్పున, అందులో ఒకరు తప్పనిసరిగా మహిళ, రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి. అడంగల్ ఎలా చూడాలో, అర్జీ ఎలా టైపు చేయాలో, మోసపు లింకు ఎలా గుర్తుపట్టాలో నేర్పాలి. ఆ ఇద్దరూ ఊళ్లోనే పని చూసుకోగలిగితే కౌలు రైతుకు జిల్లా కేంద్రానికి వచ్చే బస్సు ఛార్జీ, ఒక పూట కూలి మిగులుతాయి. యువ కార్యకర్తలు అడిగింది కూడా చివరికి అదే కదా!

వచ్చే నెల జిల్లా కౌన్సిల్‌లో దీని మీద నిర్ణయం జరుగుతుంది. మండల కమిటీలు తమ దగ్గర ఉన్న కంప్యూటర్ ఏ సంవత్సరంలో కొన్నదో, ఎంత ర్యామ్ ఉందో, ఏ పనికి ఇబ్బంది పడుతున్నారో ఒక కాగితం మీద రాసుకుని రండి. విప్పించి చూపిస్తే మెకానిక్ ఏం చెప్పాడో కూడా రాయండి. మాతో ఏకీభవించని వారు తమ లెక్కలతో రండి, విని చర్చిద్దాం. శిక్షణకు పంపే ఇద్దరి పేర్లు మాత్రం ఆ రోజే ఇవ్వండి. ల్యాప్‌టాప్ కొత్తదైనా పాతదైనా ఆ పని ఆగకూడదు.